కృపావతి పెంచుకున్న కలుపు

చాట్రాయి చుట్టుపక్కల మామిడి తోటల్లో కలుపు తీయడమంటే కృపావతి తర్వాతే ఎవరైనా. ఇది ఆవిడ తన గురించి తాను చెప్పుకున్న మాట కాదు, తోటల ఆసాములు చెప్పిన మాట. పొగిడితే కూలి పెంచమంటారని నోరు కట్టుకుని తిరిగే ఆసాములే అన్నారంటే ఇక ఆలోచించుకోండి. ముప్పై ఏళ్ళపాటు పదిమంది ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రిగా ఉంది. లేత మామిడి అంటు పాదులో కలుపు గీకే బొరిగె పట్టుకుని కూర్చుందంటే, లేచేసరికి ఆ పాదులో అంటు తప్ప పచ్చనిది ఇంకొకటి మిగలకూడదు. మిగిలితే తీసినవాళ్ళని పేరు పెట్టి పిలిచి, వెనక్కి రప్పించి, మళ్ళీ కూర్చోబెట్టేది. ఆవిడ చేతికింద పని నేర్చుకున్నవాళ్ళు ఇప్పటికీ ఎవరింటికి పేరంటానికి వెళ్ళినా ముందు ముంగిట్లో గడ్డి ఉందా లేదా అని చూస్తారు. అలవాటు అలాంటిది.

అలాంటి మనిషి ఇంట్లో కూర్చోవాల్సి రావడం మాత్రం అన్యాయంగానే జరిగింది. కుడికన్ను ఎప్పుడో పోయింది. మామిడి కోతల్లో పైనుంచి జారిన రెమ్మ పొడుచుకుని చూపు పోయినా, ఒక కన్నుతోనే ఇరవై ఏళ్ళు నెట్టుకొచ్చింది. యాభై అయిదు దాటాక ఎడమ కంటికి శుక్లం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు కిషోర్ బాబు గారి తోటలో, అంట్ల వరసల మధ్య వేసిన మిరపనారులో కూర్చుని, గడ్డి అనుకుని సగం సాలు మిరప మొక్కలు పీకేసింది. వెనకాల వస్తున్న వరలక్ష్మి చూసి నోరు నొక్కుకుంది. కిషోర్ బాబు మంచివాడు, కేకలు వెయ్యలేదు. "మేస్త్రిగారూ, మీరు గట్టున కూర్చుని చెప్పండి చాలు, పని వాళ్ళు చేస్తారు," అన్నాడు. ఆయన తిట్టి ఉంటే మర్నాడు పనిలోకి వెళ్ళేదేమో. అంత మర్యాదగా అనేసరికి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం ముఠాను వరలక్ష్మికి అప్పజెప్పి ఇంటికొచ్చేసింది.

ఇల్లంటే కాలనీ ఇల్లు. ఊరికి ఎగువన మెరక మీద గుట్టను చదును చేసి, పైన లారీలతో గ్రావెల్ తోలి, వరసగా కట్టిన ఇళ్ళు. కింద మామిడి తోటలు ఎంత పచ్చగా ఉంటాయో పైన అంత ఎర్రగా, అంత ఎండుగా ఉంటుంది. గునపం దిగదు. కుళాయి మూడు రోజులకొకసారి వస్తుంది, అదీ బిందెలకే చాలదు. కృపావతి భర్త సలోమోను మామిడి తోటలకి రాత్రి కాపలా ఉండే మనిషి, పగలంతా ఇంట్లోనే. భార్యకి ఊసుపోవాలని బండిమీద అమ్మే కుర్రాడి దగ్గర గులాబీలు కొన్నాడు, మందారం కొన్నాడు. కడియం నర్సరీ మొక్కలండీ, రాళ్ళలో కూడా పూస్తాయండీ అని చెప్పాడట వాడు. రాళ్ళలో పూస్తాయేమోగానీ గ్రావెల్లో పూయలేదు. వేసవి వచ్చేసరికి కుండీలో ఒక్క గులాబీ కర్ర మాత్రం మిగిలింది, అది బతికి ఉందో లేదో దానికే తెలియాలి.

ఆ మే నెలలోనే ఒక ఉదయం కృపావతి చర్చికి నడిచి వెళుతూ దారిపక్కన కాసేపు చతికిలబడింది. రాళ్ళ దిబ్బ అది. తడుముకుంటూ చెయ్యి ఆనిస్తే వేళ్ళకి మెత్తగా పూలు తగిలాయి. ముఖం దగ్గరగా పెట్టుకుంటే పచ్చగా మసకగా కనిపించింది. తంగేడు. నిండా పూసి ఉంది. మూడు నెలలుగా చుక్క వాన లేదు, పైనుంచి నిప్పులు కురుస్తున్నాయి, ఇదేమో పెళ్ళికూతురిలా పసుపు పూసుకుని కూర్చుంది. ఇంట్లో గులాబీకి తాగే నీళ్ళలోంచి గ్లాసెడు తీసి పోస్తే చచ్చిపోయింది. దీనికెవరు పోశారు?

ఆ ప్రశ్న ఆవిణ్ణి వదల్లేదు. పాటలు పాడుతున్నా అదే, ప్రార్థనలో తల వంచుకున్నా అదే. వచ్చేటప్పుడు ఆ దిబ్బ దగ్గర మళ్ళీ ఆగి, చెట్టు కింద ఎండిన కాయలు నాలుగు ఏరి పైటకొంగున ముడి వేసుకుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పూలమొక్కలు పెంచే విద్య కృపావతికి రాదు. కలుపు తీసే విద్య వచ్చు. కానీ ముప్పై ఏళ్ళు ఒక మొక్కతో పగబట్టి పోరాడినవాళ్ళకి దాని గుట్టు తెలిసినంతగా దాన్ని ముద్దుగా పెంచినవాళ్ళకి తెలియదు. ఏ గింజ ఏ వానకి లేస్తుందో, ఏది రాతి సందులో వేరు దింపుతుందో, ఏది ఎరువు వేసిన చోట బలిసి పడిపోతుందో, ఏది తొక్కినా చావదో ఆవిడకి తెలుసు. ఇన్నాళ్ళూ అవి రాకుండా చెయ్యడానికి వాడిన తెలివిని ఇప్పుడు అవి రావడానికి తిప్పింది. అంతే తేడా.

అయినా మొదటి ఏడు తప్పులే చేసింది. తంగేడు గింజల్ని నానబెట్టకుండా నాటితే రాళ్ళలా అలాగే పడి ఉన్నాయి. తర్వాత గరుకు బండమీద కాస్త రుద్ది, ఒక రాత్రి వేడినీళ్ళలో ఉంచి నాటితే లేచాయి. లేచాయి కదా అని మురిసిపోయి రోజూ నీళ్ళు పోస్తే మూడు మొక్కలు కుళ్ళాయి. తర్వాత తెచ్చి చల్లిన గునుగుకి పశువుల పేడ వేస్తే మోకాలెత్తు ఆకు పెరిగి, గాలికి పక్కకి వాలి, పువ్వు మాత్రం పిసరంత పూసింది. "ఇవి మనలాంటివే. ఎక్కువ పెడితే అరగవు," అంది సలోమోనుతో. రెండో ఏడు నుంచి ఎరువు మానేసింది. నాటిన వారం నీళ్ళు, ఆ తర్వాత వానే దిక్కు. తొలకరికి ముందు గింజలు చల్లి, పైన సన్న గ్రావెల్ కప్పి, వాటి మానాన వాటిని వదిలేసింది.

మూడేళ్ళు తిరిగేసరికి ఆ ఎర్రటి ముంగిలి ముంగిలిలా లేదు. మూలన తంగేడు గుబురు, గోడవారగా ముళ్ళగోరింట, మధ్యలో వెంపలి, వానాకాలం రాగానే తెల్లగా తుమ్మి, గులాబీ చివర్లతో గునుగు. వీటన్నిటి కిందా నేలబారుగా పాకిన విష్ణుక్రాంత. దారం లాంటి కాడలు, గోరంత పూలు, ఉదయం విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోతాయి. చుట్టూ ఉన్న ఇళ్ళముందు కుండీలు ఎండిపోయి ఉంటే ఈ ఒక్క ఇంటి ముందే సీతాకోకచిలుకలు తిరిగేవి.

ఇందులో ఒక్క చిక్కు. ఇదంతా ఆవిడ నాటుకున్నదని సలోమోనుకి తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. కృపావతి చెప్పలేదు. ఎలా చెబుతుంది? గునుగు ఒక్కటి కనిపిస్తే మనుషుల్ని వెనక్కి పిలిపించి పీకించిన మేస్త్రి, అదే గునుగుని ఇంటిముందు నాటి, పూసిందా లేదా అని పొద్దున్నే తడిమి చూసుకుంటోందంటే ముఠాలో తల ఎత్తుకోగలదా? అందుకే అబద్ధమాడింది. వరలక్ష్మి పనినుంచి వెళుతూ గేటు దగ్గర ఆగేది. ఇద్దరివీ వేరే కులాలు, వేరే మతాలు అయినా ఒకే బొరిగెతో పని చేసినవాళ్ళు, వదినా అంటే వదినే.

"ఏంటి వదినా, ముంగిలి ఇలా అయిపోయింది. ఓ గంట కూర్చుంటే తీసేస్తాను," అనేది వరలక్ష్మి.

"వద్దులే వరాలూ. ఓపిక లేక వదిలేశాను. కాస్త ఓపిక రానీ, నేనే తీసుకుంటా."

వరలక్ష్మి జాలిగా నిట్టూర్చి వెళ్ళిపోయేది. ఆ జాలి కృపావతికి కనిపించకపోయినా వినిపించేది. ముళ్ళమీద కూర్చున్నట్టుండేది గానీ నిజం మాత్రం నోటివెంట వచ్చేది కాదు. నాలుగేళ్ళు అదే అబద్ధం.

అన్నిటికన్నా పెద్ద బాధ వేరే ఉంది. తాను పెంచిన పూలను తానే చూడలేకపోయింది. తంగేడు పసుపు మసకగా తెలిసేది. గునుగు తెల్లగా అలికినట్టుండేది. విష్ణుక్రాంత అయితే అసలు కనిపించేదే కాదు, వేలికొసకి తగిలేది, అంతే. రోజూ ఉదయం మొగుడిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగేది.

"పూశాయా?"

"పూశాయి."

"ఎలా ఉన్నాయి?"

"నీలంగా ఉన్నాయి."

"నీలమంటే ఏ నీలం?"

"నీలమంటే నీలమే కృపా. ఇంకు లాగా."

"ఇంకు లాగా ఉంటే పువ్వెందుకవుతుంది? సరిగ్గా చూసి చెప్పండి."

పాపం సలోమోను. దేవుడు ఆయనకి ఓపిక ఇచ్చాడుగానీ వర్ణించే నోరు ఇవ్వలేదు. ఆకాశం లాగా అంటే ఏ వేళ ఆకాశం అనేది. స్కూలు యూనిఫాం లాగా అంటే ఏ స్కూలు అనేది. చివరికి ఒకరోజు విసిగిపోయి, "ఆపరేషన్ చేయించుకుని నువ్వే చూసుకోవే తల్లీ," అన్నాడు.

ఆ మాటకే ఆవిడ నాలుగేళ్ళుగా భయపడుతోంది. శుక్లం ఆపరేషన్ పెద్దదేం కాదని అందరూ చెబుతారు. రెండు కళ్ళున్నవాళ్ళు చెబుతారు. ఉన్నది ఒకటే అయినప్పుడు, అది కూడా అటూ ఇటూ అయితే ఇక మిగిలేది చీకటే. మసకగానైనా మొగుడి ఆకారం తెలుస్తోంది, గడప తెలుస్తోంది. ఉన్నదానితో సరిపెట్టుకుందామనుకుంది. కానీ ఆ సెప్టెంబరు చివర్లో విష్ణుక్రాంత ఎప్పుడూ లేనంతగా పూసింది. ఇంటికొచ్చిన పాస్టర్ స్టీఫెన్ గారు అరుగు మీద కూర్చుని టీ తాగుతూ, ఎవరికీ చెబుతున్నట్టు కాకుండా, "ఇదేంటండీ, నేలంతా నీలి చుక్కలు పెట్టినట్టుందీ," అన్నారు. ఆయన అటు వెళ్ళారో లేదో కృపావతి భర్త చెయ్యి పట్టుకుంది.

"తీసుకెళ్ళండి. ఒక్కసారి చూస్తే చాలు. తర్వాత పోతే పోనీ."

అక్టోబరు మొదటి వారంలో ఏలూరు వెళ్ళారు. నాలుగు రోజులు అక్కడే. కట్టు విప్పే ఉదయం సిస్టర్ అక్షయ మెల్లగా గాజుగుడ్డ తీసింది. "కళ్ళు తెరవండమ్మా, నెమ్మదిగా." తెరిచింది. మొదట అంతా వెలుగే. తర్వాత ఆ వెలుగులోంచి ఒక ముఖం వచ్చింది. తెల్ల గడ్డం, బుగ్గన పుట్టుమచ్చ. "ఏవండీ, మీకు గడ్డం ఎప్పుడు తెల్లబడింది?" అంది. సలోమోను నవ్వబోయి ఏడ్చేశాడు.

అప్పుడే కిటికీ కర్టెన్ మీద ఆవిడ చూపు పడింది. నీలం కర్టెన్. ఏళ్ళ తరబడి నీలమన్నది బూడిద రంగై కనిపించిన కంటికి అది ఎంత పెద్దగా తగిలిందంటే, కాసేపు కళ్ళార్పడం మర్చిపోయింది. "ఇదేనా నీలం? మన ఇంటిదగ్గర పూసింది ఇదేనా?" అనడిగింది. "దీనికన్నా బాగుంటుందిలే," అన్నాడు సలోమోను. ఆ మధ్యాహ్నం డాక్టరుగారు జాగ్రత్తలు చెబుతుంటే సగమే విన్నది. నల్లద్దాలు పెట్టుకోవాలి, చుక్కల మందు వెయ్యాలి, నలభై రోజులు కిందికి వంగకూడదు, దుమ్ములో పని చెయ్యకూడదు. అన్నిటికీ తలూపింది. ఆవిడ మనసు అప్పటికే ఇంటి గేటు దగ్గర నిలబడి ఉంది.

ఇక్కడ ఊళ్ళో జరిగింది వేరు. ఆదివారం ఆరాధనలో స్టీఫెన్ పాస్టర్ గారు ఒక ప్రకటన చేశారు. సహోదరి కృపావతికి ఆపరేషన్ బాగా జరిగింది, బుధవారం సాయంత్రం వాళ్ళింటి ముంగిట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకుందాం, అందరూ రావాలి అని. ఆ కబురు వరలక్ష్మికి చేరింది. వదిన ఇంటికి వందమంది వస్తారు. ముంగిట్లో చాపలు పరవాలి. ఆ ముంగిలి చూస్తే అడవిలా ఉంది. చూపు లేక, ఓపిక లేక, నాలుగేళ్ళుగా పాపం ఎంత మొహమాటపడిందో. ఇప్పుడు కళ్ళొచ్చి మొట్టమొదట చూసుకునేది ఈ కలుపునా? మేస్త్రి ఇంటిముందు కలుపు ఉండటమేమిటి, మనం ఉండి ఎందుకు?

మంగళవారం ముఠా మొత్తం పనిమానేసి వచ్చింది. పదిమందీ. ఆ చుట్టుపక్కల వాళ్ళకన్నా చెయ్యి తిరిగినవాళ్ళు లేరు. పొద్దున ఏడింటికి వరసగా కూర్చున్నారు, పది కొట్టేసరికి లేచారు. తంగేడును మొదలంటా కొట్టేశారు. మిగతావన్నీ పీకి, కుప్పపోసి, కాలనీ చివర గోతిలో వేసి తగలబెట్టారు. కల్లాపి చల్లారు. కుండీలో ఎండిపోయిన గులాబీ కర్రను మాత్రం పూలమొక్క కదా అని పదిలంగా జరిపి, చెంబుడు నీళ్ళు పోశారు.

బుధవారం మధ్యాహ్నం ఆటో గేటు ముందు ఆగింది. కృపావతి సలోమోను సాయం కూడా పట్టకుండా దిగింది. ముఠా అంతా స్నానాలు చేసి, మంచి చీరలు కట్టుకుని గేటుకి ఇరుపక్కలా నిలబడి ఉంది. వరలక్ష్మి ముఖం వెలిగిపోతోంది.

"చూసుకో వదినా. అంతా పీకి తగలబెట్టి అద్దంలా చేశాం."

కృపావతి నల్లద్దాల్లోంచి చూసింది. ఎర్రటి నేల. గోడ నుంచి గోడ దాకా, గడప నుంచి గేటు దాకా ఎర్రగా, నున్నగా, ఎక్కడా పచ్చని పరక లేకుండా. ముప్పై ఏళ్ళు ఆవిడ వాళ్ళకి నేర్పిన పని. వంక పెట్టడానికి వీల్లేకుండా చేశారు. పక్కన సలోమోను నోరు తెరవబోతే చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది.

"బాగుంది," అంది.

లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చుంది. కోపం వచ్చింది. పిచ్చికోపం. అందర్నీ పేరుపేరునా పిలిచి తిట్టాలనిపించింది. ఏమని తిడుతుంది? కలుపని తానే చెప్పింది. ఓపిక లేదని తానే చెప్పింది. ఒక్క గంటలో తీసేస్తామంటే నేనే తీసుకుంటానంది. పనిమానుకుని, సొంత పనిలా చేసిపెట్టి, మెచ్చుకోలు కోసం చిన్నపిల్లల్లా గేటు దగ్గర నిలబడ్డారు. ఆ ఒక్క కన్నూ ఎందుకు తెరిపించుకుందో అది మంటల్లో పోయింది. ఏడిస్తే కంటికి మంచిది కాదని సలోమోను బతిమాలాడు. ఏడవకుండా ఉండటానికి ఆవిడ పడ్డ పాట్లు చూడలేక ఆయన వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

నాలుగింటికి జనం వచ్చారు. శుభ్రమైన ముంగిట్లో చాపలు పరిచారు. పాటలయ్యాయి, వాక్యం అయ్యింది. ఆనవాయితీ ప్రకారం స్వస్థత పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. ఎవరైనా ఏం చెబుతారో అందరికీ తెలుసు. ఇంత జబ్బు చేసింది, ప్రార్థన చేశాను, ప్రభువు విడిపించాడు, మీ అందరికీ వందనాలు. రెండు నిమిషాల పని.

కృపావతి నల్లద్దాలతో లేచి నిలబడింది.

"ప్రభువు నాకు కన్నిచ్చాడు. ఆయనకి స్తోత్రం. కానీ నేనొక తప్పు ఒప్పుకోవాలి. నాలుగేళ్ళుగా మీ అందరికీ అబద్ధం చెబుతున్నాను."

స్టీఫెన్ పాస్టర్ గారు కుర్చీలో ఇబ్బందిగా సర్దుకున్నారు. సాక్ష్యంలో ఎవరూ ఇలా మొదలుపెట్టరు.

"ఈ ముంగిట్లో ఉన్నది కలుపు కాదు. నేను నాటుకున్నాను. తంగేడు గింజలు బండమీద రుద్ది నాటాను. గునుగు దగ్గర్నుంచి విష్ణుక్రాంత దాకా ఒక్కొక్కటీ తెచ్చి చల్లుకున్నాను. నాకు కళ్ళు కావాల్సింది వాటిని చూసుకోవడానికే. మీతో ముప్పై ఏళ్ళు పీకించి, ఇప్పుడు నేనే పెంచుకుంటున్నానని చెప్పడానికి సిగ్గేసింది. అందుకని ఓపిక లేదన్నాను. పిల్లలు మంచి మనసుతో తీసేశారు. తప్పు వాళ్ళది కాదు, నాది. ఇది చెప్పకుండా ఊరికే స్తోత్రం అంటే అది కూడా అబద్ధమే అవుతుంది."

కూర్చుంది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రి కలుపు నాటుకుందనేసరికి నవ్వు రాకుండా ఎలా ఉంటుంది? కానీ ముఠా ఆడవాళ్ళు నవ్వలేదు. వరలక్ష్మి చాపమీదనుంచి లేచి, ప్రార్థన మధ్యలో లేవకూడదన్న సంగతి కూడా పట్టించుకోకుండా, గోడవారకి వెళ్ళి కూర్చుంది. నిన్న అక్కడే మరిచిపోయిన బొరిగె తీసి నేలను గీకడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు అందరికీ వినిపిస్తోంది. పాస్టర్ గారు ముగింపు ప్రార్థన త్వరగా చేశారు. ఇది మాత్రం మెచ్చుకోవాలి.

కృపావతి మెల్లగా ఆవిడ దగ్గరికి వచ్చి నిలబడింది. వంగకూడదు కదా.

"ఒక్కమాట చెప్పకపోయావా వదినా," అంది వరలక్ష్మి తలెత్తకుండా. "ఎన్నిసార్లు అడిగాను నిన్ను."

"నీ ముందే ఎక్కువ సిగ్గేసింది వరాలూ."

వరలక్ష్మి కొంగుతో ముక్కు తుడుచుకుని, జానెడు లోతున తవ్విన చోటు చూపించింది. గ్రావెల్ రాళ్ళ మధ్య సూదంత వేరు ముక్క, పైన తెగి ఉంది, కింద ఇంకా గట్టిగా పట్టుకుని ఉంది. "మూడు వారాలుగా వాన లేదు. నేల బండలా ఉంది. పీకితే పైన తెగొచ్చింది, వేరు రాలేదు. చెబితే తంతావని కల్లాపి చల్లి కప్పేశాం. నువ్వే ఉండుంటే ఎండు నేలలో చెయ్యి పెట్టనిచ్చేదానివా?"

"పెట్టనిచ్చేదాన్ని కాదు. ఎండు నేలలో తీస్తే పదిహేను రోజులకి మళ్ళీ లేస్తుంది. ఆసామి ముందు పరువు పోతుంది," అంది కృపావతి అలవాటుకొద్దీ. అని ఆగిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముప్పై ఏళ్ళ మేస్త్రిగిరీలో చేతకాని పని చూసి ఆవిడ సంతోషించింది ఆ ఒక్కసారే. "ఎన్ని తెగాయే?"

"అన్నీ తెగాయి వదినా. ఒక్కదానికీ వేరు రాలేదు. అంత దరిద్రంగా చేశాం."

గునుగు, తుమ్మి మళ్ళీ వచ్చే తొలకరి దాకా రావు, రాలిన గింజలు నేలలో ఉంటాయి కాబట్టి అప్పుడు వస్తాయి. తంగేడు మోడు చిగురుస్తుంది. వెంపలి, విష్ణుక్రాంత వేరులోంచే లేవాలి. ఇదంతా ఆవిడ అక్కడే నిలబడి లెక్కలు తేల్చినట్టు చెప్పింది. ముఠాలో ఒకావిడ బిందె పట్టుకొస్తే వద్దని వారించింది. "నీళ్ళు పోసి చంపకండి. వాన వస్తుంది." రాకపోతే అన్న మాట ఆవిడ నోటి చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

వాన రెండు వారాలు రాలేదు. అవి ఆవిడ జీవితంలో పొడుగాటి రెండు వారాలు. వంగకూడదు, తవ్వకూడదు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఎర్రనేల వంక చూడటం ఒక్కటే పని. కన్నేమో రోజురోజుకీ తేటపడుతోంది. దూరంగా మామిడాకుల అంచులు కూడా కనిపిస్తున్నాయి. చూడాలనుకున్నది మాత్రం లేదు. ముఠా ఆడవాళ్ళు దారిలో ఆగి గేటు మీంచి తొంగిచూసేవారు, మొలిచిందా అన్నట్టు. ఆవిడ తల అడ్డంగా ఊపేది. కలుపు లేవలేదని ముఠా అంతా దిగులుపడిన ఏడాది అదొక్కటే.

అక్టోబరు చివర్లో తుఫాను వానలు రెండు రోజులు కురిశాయి. వారం తిరిగేసరికి మోడుకి చిగురు. ఆ తర్వాత నేలమీద అక్కడక్కడా దారప్పోగుల్లాంటి కాడలు. కృపావతి కుర్చీని వాటి పక్కకి జరుపుకుంది. వాటి మధ్య మొలిచిన వయ్యారిభామను మాత్రం పీకెయ్యమని వరలక్ష్మికి చెప్పింది. వరలక్ష్మి ఒక్కొక్కదాన్నీ వేలితో చూపించి, "ఇది తియ్యనా? ఇది ఉంచనా?" అని అడిగి అడిగి తీసింది. అంత చెయ్యి తిరిగిన మనిషి, నిన్నగాక మొన్న పనిలోకొచ్చిన పిల్లలా.

నవంబరు మూడో వారం. డాక్టరుగారు నల్లద్దాలు తీసెయ్యమన్నారు, ఇక వంగవచ్చన్నారు. మర్నాడు తెల్లవారి ఎండ ఇంకా ముదరకముందు కృపావతి ముఖం కడుక్కుని ఒక్కతే బయటికి వచ్చింది. వరలక్ష్మి పనికి వెళ్ళడానికి ఆటో కోసం గేటు దగ్గర నిలబడి ఉంది. వదిన మోకాళ్ళమీద కూర్చుని, రెండు చేతులూ నేలమీద ఆనించి, ముఖం కిందికి దించడం చూసి కంగారుగా లోపలికి వచ్చింది.

పడిపోలేదు. ఒక్క పువ్వు పూసింది, దాన్ని చూస్తోంది. అయిదు రేకులు కలిసిపోయి చిన్న గొడుగులా ఉంది. మధ్యలో తెల్లటి చుక్క. ఆ నీలం ఇంకులా లేదు, కర్టెన్ లా లేదు, దేనిలానూ లేదు. చాలాసేపు ఆవిడ కదల్లేదు. చుక్కల మందు వేసుకున్న కంటిలోంచి నీళ్ళు కారి ముక్కు చివర నిలబడ్డాయి.

"వరాలూ," అంది తల తిప్పకుండానే. "నాకు రెండు కళ్ళూ బాగున్నప్పుడు వీటిని ఎన్ని పీకానో. రోజూ గుప్పెళ్ళతో పీకి గట్టు మీద పడేశాను. ఒక్కదాని మొహం కూడా చూళ్ళేదే."

రోడ్డుమీద ముఠా ఆటో వచ్చి హారన్ కొట్టింది. కాసేపాగి మళ్ళీ కొట్టింది. వరలక్ష్మి నడుముకున్న బొరిగె తీసి పక్కన పెట్టి, వదిన పక్కనే గ్రావెల్ మీద కూర్చుని, తానూ ఆ పువ్వు మీదికి వంగింది.